టూ ఫోటాన్ ఇమేజింగ్‌కి కంపాక్ట్ ఫైబర్ లేజర్ చాలుతుందా, టైటానియం సఫైరే ఉంచుకోవాలా?

కిరణపథం:

అందరికీ నమస్కారం. బయోమెడికల్ ఇమేజింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. బయాలజీ నుంచి ఇటొచ్చాను, లేజర్ లోపల ఏం జరుగుతుందో పైపైనే తెలుసు. మా పని ఏంటంటే ఆపరేషన్‌లో తీసిన టిష్యూ ముక్కని రంగులు వేయకుండా, మైనంలో పెట్టి కోయకుండా, తాజాగా ఉన్నప్పుడే మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటం. కొలాజెన్ పోగులు ఎలా అల్లుకున్నాయో సెకండ్ హార్మోనిక్‌లో చూస్తాం, కణాల్లో ఎన్‌ఏడీహెచ్ (కణం శక్తి తయారీలో వాడుకునే అణువు) దానంతటది ఎంత వెలుగుతోందో టూ ఫోటాన్ ఫ్లోరెసెన్స్‌లో చూస్తాం.

ఇప్పటిదాకా ట్యూనబుల్ టైటానియం సఫైర్ లేజర్ మీదే చేస్తున్నాం. బొమ్మలు బాగానే వస్తున్నాయి కానీ అది ఆప్టికల్ టేబుల్‌లో సగం తినేస్తుంది, చిల్లర్ కావాలి, గది టెంపరేచర్ కాస్త అటూ ఇటూ అయితే పవర్ మారుతుంది, ఆపరేషన్ థియేటర్ పక్క గదిలోకి తీసుకెళ్దాం అన్న మాటే ఎత్తలేం. మా గైడ్ మేడమ్ ఏమో చక్రాల బండి మీద పెట్టి తోసుకెళ్ళే సెటప్ కావాలంటున్నారు, అందుకని ఫైబర్ లేజర్లు చూడటం మొదలుపెట్టాను. షూ బాక్స్ అంత ఉంటాయి, గాలితోనే చల్లబడతాయి, బటన్ నొక్కితే మోడ్‌లాక్ అయిపోతుంది, అంటే వెలుగు అతి చిన్న పల్సులుగా రావడం మొదలవుతుంది అంటున్నారు. కానీ వేవ్‌లెంగ్త్ మార్చలేం, 780 నానోమీటర్లు అయితే 780, 920 అయితే 920, లేదంటే 1030-1040 దగ్గర ఉంటుంది. డేటాషీట్‌లో పవర్, పల్స్ విడ్త్ అన్నీ ఆకర్షణీయంగానే ఉన్నాయి, దాంట్లో ఏది నమ్మాలో, ఏది మాకు నిజంగా ముఖ్యమో తెలియట్లేదు.

వాడినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఫిక్స్‌డ్ వేవ్‌లెంగ్త్ లేజర్ ఒక్కటి పెట్టుకుంటే మా పని అవుతుందా? ఇంకా ఇది చిన్నగా ఎలా అయింది, దానికోసం ఏం వదులుకున్నారు అన్నది కూడా ఎవరైనా వివరిస్తే బాగుంటుంది, ఎందుకంటే అది తెలియకుండా తీసుకుంటే తర్వాత ఇబ్బంది పడేది మేమే.

ఫెమ్టోమిత్ర:

చిన్నగా ఎలా అయింది అన్న దగ్గర నుంచే మొదలుపెడతాను, అది తెలిస్తే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి.

రెండు ఫోటాన్లు ఒకే క్షణంలో ఒకే అణువు మీద పడి, రెండిటి ఎనర్జీ కలిసి ఒక్క ఫోటాన్ పని చేయగలవని 1931లో మరియా గోపెర్ట్ మేయర్ తన డాక్టరేట్ థీసిస్‌లో లెక్క కట్టి చెప్పారు. అప్పట్లో అంత తీవ్రమైన వెలుగే లేదు కాబట్టి ప్రయోగంలో చూడటానికి లేజర్ వచ్చేదాకా, అంటే 1961 దాకా ఆగాల్సొచ్చింది. మైక్రోస్కోప్‌లోకి తెచ్చింది 1990లో కార్నెల్‌లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్, వాళ్ళు వాడింది డై లేజర్, ద్రవం రంగు జెట్‌లా పారుతూ ఉండేది, దాన్ని రోజూ నడపటమే ఒక ఉద్యోగం. ఆ మరుసటి ఏడాదే సెయింట్ ఆండ్రూస్‌లో టైటానియం సఫైర్‌ని కెర్ లెన్స్ పద్ధతిలో మోడ్‌లాక్ చేసి చూపించారు, అక్కడి నుంచి ముప్పై ఏళ్ళు ఈ రంగాన్ని ఆ క్రిస్టలే మోసింది.

మరి అది అంత పెద్దది ఎందుకు? ఆ క్రిస్టల్ నీలం, ఆకుపచ్చ వెలుగునే పీల్చుకుంటుంది, పీల్చుకున్నది దాంట్లో 3 మైక్రోసెకన్ల పైచిలుకు మాత్రమే నిలుస్తుంది, కాబట్టి చాలా గట్టిగా, చాలా నాణ్యమైన బీమ్‌తో పంప్ చేయాలి, అంటే 532 నానోమీటర్ల దగ్గర పలు వాట్ల గ్రీన్ లేజర్ ఒకటి లోపల వేరేగా ఉండాలి. ఆ గ్రీన్ కూడా నేరుగా వచ్చేది కాదు, ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌ని డబుల్ చేసి, అంటే క్రిస్టల్‌లో ఫ్రీక్వెన్సీ రెట్టింపు చేసి వేవ్‌లెంగ్త్ సగానికి దించి తెచ్చేది. 532 ఫోటాన్ ఇచ్చి 800 ఫోటాన్ తీసుకుంటే మూడో వంతు ఎనర్జీ అక్కడే వేడిగా పోతుంది. చిల్లర్ అందుకే. నీలి డయోడ్‌తో నేరుగా పంప్ చేయొచ్చని 2009లో చూపించారు, దాని మీద పని ఇంకా నడుస్తోంది కానీ మీరడిగే కంపాక్ట్ లేజర్లలో ఎక్కువ భాగం ఫైబర్‌వే.

ఇటర్బియం ఫైబర్‌ని 976 దగ్గర మామూలు డయోడ్‌తో పంప్ చేస్తే 1030 చుట్టుపక్కల వెలుగు వస్తుంది, వేడిగా పోయేది 5 శాతం దగ్గరే. పైగా ఫైబర్ సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఆ కాస్త వేడి కూడా పొడవునా పంచుకుని బయటికి పోతుంది. ఎర్బియం ఫైబర్ అయితే 1550 దగ్గర పనిచేస్తుంది, ఆ డయోడ్లు, కప్లర్లు, ఐసోలేటర్లు అన్నీ టెలికాం కోసం ఏళ్ళ తరబడి సానబెట్టినవి. ఆ 1550ని డబుల్ చేస్తే మీ 780. 920 కావాలంటే కొన్ని డిజైన్లలో ఎర్బియం పల్స్‌ని ఫైబర్‌లోనే రామన్ షిఫ్ట్ చేసి 1840 దాకా జరిపి అప్పుడు డబుల్ చేస్తారు. అద్దాలు సర్దుకునే పనే లేదు, ఫైబర్‌ని ఫైబర్‌కి అతికించేస్తారు, బండి మీద తోసినా అలైన్‌మెంట్ పోకపోవడానికి కారణం ఇదే.

ఇక ఏం వదులుకున్నారంటే మొదటిది ట్యూనింగ్. రెండోది, ఇది ఎవరూ గట్టిగా చెప్పరు, పల్స్ ఆకారం. ఫైబర్ కోర్ కొన్ని మైక్రాన్లే, దాంట్లో అంత పీక్ పవర్ పెడితే పల్స్ తన ఫేజ్‌ని తానే చెడగొట్టుకుంటుంది, అందుకే ముందు పల్స్‌ని సాగదీసి, పెంచి, చివర్లో మళ్ళీ నొక్కుతారు. ఆ నొక్కడం ఎంత శుభ్రంగా జరిగింది అన్నదాని మీదే మీ బొమ్మ ఆధారపడుతుంది.

పల్స్‌పరీక్ష:

పై రిప్లైలో చివరి పేరా చాలా ముఖ్యం, అక్కడే ఆపేశారు కాబట్టి నేను అందుకుంటాను.

టూ ఫోటాన్ సిగ్నల్ యావరేజ్ పవర్ వర్గానికి అనులోమంగా, రిపిటీషన్ రేట్‌ని (సెకనుకి వచ్చే పల్సుల సంఖ్య) పల్స్ విడ్త్‌తో (ఒక్కో పల్స్ ఎంతసేపు ఉంటుందో) గుణిస్తే వచ్చేదానికి విలోమంగా ఉంటుంది. మీ పాత లేజర్‌ని తీసుకోండి, 80 మెగాహెర్ట్జ్, 100 ఫెమ్టోసెకన్లు (ఫెమ్టోసెకండ్ అంటే పికోసెకండ్‌లో వెయ్యో వంతు) అనుకుంటే లేజర్ వెలిగి ఉండేది మొత్తం సమయంలో లక్షకి ఒక వంతు కూడా కాదు. అదే యావరేజ్ పవర్ నిరంతరంగా వచ్చే లేజర్‌తో పోలిస్తే సిగ్నల్ దాదాపు లక్ష రెట్లు ఎక్కువ వచ్చేది అందుకే. అంటే మనం కొనేది వాట్లు కాదు, ఆ వాట్లు ఎంత ఇరుకు క్షణంలో ఇమిడాయి అన్నది.

డేటాషీట్‌లో 100 ఫెమ్టోసెకన్లు అని రాస్తారు, అది ఆటోకోరిలేషన్ (పల్స్‌ని దాని నకలుతోనే పోల్చి కొలిచే పద్ధతి) గీతలో సగం ఎత్తు దగ్గర కొలిచిన వెడల్పు. ఆ సన్నటి శిఖరం కింద రెండువైపులా వెడల్పుగా పరుచుకున్న పీఠం ఉంటే ఈ కొలతలో అది కనపడదు. ఫైబర్ లేజర్లలో ఇది మామూలే. ఉదాహరణకి ఎనర్జీలో 30 శాతం ఆ పీఠంలో ఉండిపోయిందనుకోండి, పీక్ పవర్ 0.7 వంతుకి పడితే సిగ్నల్ 0.49 వంతుకి, అంటే సగానికి పడిపోతుంది, కానీ టిష్యూకి తగిలే వేడి మాత్రం మొత్తం 100 శాతమూ తగులుతుంది. తగ్గిన సిగ్నల్ కోసం మీరు పవర్ పెంచుతారు, వేడి ఇంకా పెరుగుతుంది. తాజా టిష్యూలో రక్తమో మెలనినో ఉన్నచోట ఇది వెంటనే కనపడుతుంది, ఆ చుక్క దగ్గర బుడగ లేస్తుంది, ఆ ముక్క తర్వాత పాథాలజీకి వెళ్ళాల్సింది కదా. కాబట్టి కంపెనీ వాళ్ళని పల్స్ విడ్త్ నంబర్ అడగకండి, ఆటోకోరిలేషన్ ట్రేస్ మొత్తం, కనీసం కొన్ని పికోసెకన్ల వెడల్పు దాకా, స్పెక్ట్రమ్‌తో కలిపి పంపమని అడగండి. శుభ్రమైన పల్స్ ఇచ్చేవాళ్ళు దాన్ని గర్వంగా పంపుతారు.

రెండోది డిస్పర్షన్, అంటే గాజులో ఒక్కో రంగు ఒక్కో వేగంతో నడిచి పల్స్ సాగిపోవడం. లేజర్ మూతి దగ్గర ఉన్న పల్స్ శాంపిల్ దగ్గర ఉండదు. మధ్యలో ఉన్న లెన్సులు, మాడ్యులేటర్, ఆబ్జెక్టివ్ అన్నీ కలిపి 800 ప్రాంతంలో కొన్ని వేల నుంచి పది పదిహేను వేల ఫెమ్టోసెకండ్ స్క్వేర్ దాకా డిస్పర్షన్ పెడతాయి. పది వేలు అనుకుని లెక్కేస్తే 200 ఫెమ్టోసెకన్ల పల్స్ 240 దగ్గర ఆగుతుంది, పెద్ద నష్టం లేదు. 100ది దాదాపు 300 అవుతుంది. 50ది ఏకంగా 550 దాటిపోతుంది. అంటే ముందే సరిదిద్దుకునే ఏర్పాటు లేకపోతే 50 ఫెమ్టోసెకన్ల లేజర్ పెట్టుకుని శాంపిల్ మీద 200ది కంటే పొడుగు పల్స్‌తో పనిచేస్తున్నట్టు. అందుకే లేజర్ లోపలే ప్రీ కాంపెన్సేషన్ ఉందా, దాని రేంజ్ ఎంత, అది మన మైక్రోస్కోప్‌కి చాలుతుందా అన్నది పవర్ కంటే ముందు చూడాలి. చాలా కంపాక్ట్ లేజర్లలో ఇప్పుడిది సాఫ్ట్‌వేర్ నుంచి తిప్పుకునేలా వస్తోంది, లేనివాటి జోలికి వెళ్ళొద్దనే నా సలహా.

కణదర్శి:

నేను మీలాగే టిష్యూ వైపు మనిషిని, వేవ్‌లెంగ్త్ సంగతి మాట్లాడతాను. ఇక్కడ ఫిక్స్‌డ్ అనగానే భయపడిపోతారు గానీ ముందు మీరు ఏ అణువుని చూస్తున్నారో రాసుకోండి, సగం సమస్య అక్కడే తీరుతుంది.

కొలాజెన్ సెకండ్ హార్మోనిక్‌కి ఎగ్జైటేషన్ పీక్ అంటూ పట్టింపు లేదు, అది శోషణ కాదు కదా, రెండు ఫోటాన్లు కలిసి సరిగ్గా సగం వేవ్‌లెంగ్త్‌లో ఒకటిగా బయటికొస్తాయి, పోగుల్లో అణువులన్నీ ఒకే వైపు తిరిగి ఉండటం వల్ల వచ్చే సిగ్నల్ అది. 780తో వస్తుంది, 1040తో కూడా వస్తుంది. ఎన్‌ఏడీహెచ్ అలా కాదు. దానికి 700 నుంచి 750 మధ్య బాగుంటుంది, 780 దగ్గర తగ్గుతుంది కానీ పనికొస్తుంది, 800 దాటాక త్వరగా పడిపోతుంది. పైగా దాని టూ ఫోటాన్ క్రాస్ సెక్షన్ అసలే ఫ్లోరెసిన్ లాంటి డైతో పోలిస్తే వందల రెట్లు తక్కువ, కాబట్టి ఉన్న కాస్తా వదులుకోలేం. మీ మూడింటిలో, అంటే 780, 920, 1040లో, ఎన్‌ఏడీహెచ్ కావాలంటే 780 ఒక్కటే దారి. 920 జీఎఫ్‌పీ, జీక్యాంప్ లాంటి ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్లు చూసేవాళ్ళది, మెదడు న్యూరాన్ల పని చేసేవాళ్ళకి అది ప్రాణం, రంగులు వేయని టిష్యూకి మీకు దాంతో పెద్దగా లాభం లేదు. 1040 టీడీటొమాటో లాంటి ఎర్ర ప్రోటీన్లకి బాగుంటుంది, లోతుకి వెళ్ళేకొద్దీ చెదిరిపోవడం కూడా తక్కువ.

ఇంకో దారి కూడా ఉంది, నాకు బాగా నచ్చిన పని అది. ఇలినాయ్‌లో బొపార్ట్ గ్రూప్ 2018లో ఒకే ఒక్క 1110 నానోమీటర్ల ఎగ్జైటేషన్ పెట్టి నాలుగు సిగ్నళ్ళు ఒకేసారి తీశారు. ఎఫ్‌ఏడీని (ఎన్‌ఏడీహెచ్ లాగే కణంలో దానంతటదే వెలిగే ఇంకో అణువు) టూ ఫోటాన్‌తో, ఎన్‌ఏడీహెచ్‌ని త్రీ ఫోటాన్‌తో, కొలాజెన్‌ని సెకండ్ హార్మోనిక్‌తో, పొరల అంచుల్ని థర్డ్ హార్మోనిక్‌తో. ఇటర్బియం లేజర్ వెలుగుని ఫోటానిక్ క్రిస్టల్ ఫైబర్‌లో వెడల్పు స్పెక్ట్రమ్‌గా మార్చి, దాంట్లోంచి 1110 ముక్క తీసుకుని, పల్స్‌ని బాగా నొక్కి, రిపిటీషన్ రేట్ తగ్గించి చేశారు. నాకు దీన్నుంచి అర్థమైంది ఏంటంటే వేవ్‌లెంగ్త్ మార్చలేకపోవడం లోపం అని అనుకుంటూ కూర్చునే బదులు, ఒకే వేవ్‌లెంగ్త్‌కి అన్ని సిగ్నళ్ళూ వేరు వేరు రంగుల్లో పడేలా ప్లాన్ చేయొచ్చు. లేజర్‌ని ట్యూన్ చేసుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి తీస్తే మధ్యలో టిష్యూ జరిగిపోతుంది, ఆరిపోతుంది, పైన పడే మోతాదు రెట్టింపవుతుంది. ఒకేసారి తీస్తే ఆ బాధ లేదు. తాజా టిష్యూ పని చేసేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

కిరణపథం:

చాలా థ్యాంక్స్ అండి అందరికీ, ఒక్కో రిప్లై రెండేసి సార్లు చదివాను. అయితే మాకు 780 అన్నది దాదాపు ఖాయం. ఇంకో రెండు డౌట్లు వచ్చాయి. సిగ్నల్ రిపిటీషన్ రేట్‌కి విలోమం అన్నారు కదా, మరి 80 మెగాహెర్ట్జ్ బదులు 10 మెగాహెర్ట్జ్‌ది తీసుకుంటే అదే పవర్‌కి ఎనిమిది రెట్లు సిగ్నల్ వస్తుందా, అలాంటప్పుడు అందరూ తగ్గించేయరేం? ఇంకా, లేజర్‌ని బండి కింది అరలో పెట్టి వెలుగుని ఫైబర్‌లో పైకి, స్కానింగ్ హెడ్ దాకా పంపొచ్చా? లేజర్ ఫైబర్‌దే కదా, అదే ఫైబర్‌ని పొడిగిస్తే సరిపోదా అని మా వాళ్ళు అడుగుతున్నారు.

స్కాన్‌రేఖ:

రిపిటీషన్ రేట్ సంగతి. కాగితం మీద మీ లెక్క కరెక్టే, ఎనిమిది రెట్లే. కానీ అది ఉత్తినే రాదు, ఒక్కో పల్స్‌లో ఎనర్జీ కూడా ఎనిమిది రెట్లు పెరిగినట్టే. టిష్యూకి జరిగే నష్టం రెండు రకాలు, ఒకటి యావరేజ్ పవర్‌తో వచ్చే వేడి, రెండోది పీక్ తీవ్రతతో వచ్చే నాన్‌లీనియర్ డ్యామేజ్, ఈ రెండోది చాలా కేసుల్లో సిగ్నల్ కంటే వేగంగా పెరుగుతుంది. శాంపిల్‌లో మెలనిన్, రక్తం ఉండి వేడి మిమ్మల్ని ఆపుతుంటే రేట్ తగ్గించడం మంచిది, పైపైన చూస్తూ కణాలు నాన్‌లీనియర్‌గా కాలిపోతుంటే రేట్ పెంచడం మంచిది. మీ టిష్యూలో ఏది ముందు అడ్డొస్తుందో చూసుకుని తేల్చుకోవాల్సిందే, ఎవరో చెప్పిన నంబర్ పట్టుకోవద్దు.

స్పీడ్ కూడా ఉంది. 512 బై 512 బొమ్మలు సెకనుకి 30 కావాలంటే ఒక్కో పిక్సెల్‌కి దొరికేది 127 నానోసెకన్లు, 80 మెగాహెర్ట్జ్‌లో దాంట్లో పది పల్సులు పడతాయి, 10 మెగాహెర్ట్జ్‌లో ఒక్కటి పడుతుంది, అదికూడా స్కానర్‌తో సింక్ చేసుకోకపోతే కొన్ని పిక్సెళ్ళకి రెండు పడి కొన్నిటికి ఒక్కటే పడి బొమ్మ మీద చారలొస్తాయి. 1 మెగాహెర్ట్జ్ లేజర్‌తో పిక్సెల్‌కి ఒక్క పల్సే పెట్టినా సెకనుకి నాలుగు ఫ్రేములు రావు. మెదడు లోతుల్లోకి వెళ్ళే త్రీ ఫోటాన్ వాళ్ళు 1300, 1700 నానోమీటర్ల దగ్గర ఒక మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసేది ఇంకో దారి లేకే, అక్కడ సిగ్నల్ పవర్ ఘనానికి అనులోమం కాబట్టి పల్స్ ఎనర్జీ లేనిదే ఏమీ కనపడదు. కార్నెల్‌లో క్రిస్ షూ గ్రూప్ 2013లో ఎలుక మెదడు పైపొర కోయకుండా కింద ఉన్న హిప్పోక్యాంపస్‌ని అలాగే చూపించారు. మీరు కోసిన ముక్క పైభాగం చూస్తున్నారు కాబట్టి అంత అవసరం లేదు. లైఫ్‌టైమ్ ఇమేజింగ్ (అణువు వెలుగు ఎంతసేపటికి ఆరిపోతుందో కొలవడం) ఎప్పుడైనా చేసే ఆలోచన ఉంటే 40 నుంచి 80 మధ్య ఉంచుకోండి, 80లో పల్సుల మధ్య 12.5 నానోసెకన్లు ఉంటుంది, ఎన్‌ఏడీహెచ్ ప్రోటీన్‌కి అతుక్కున్నప్పుడు కూడా కొన్ని నానోసెకన్లలోనే ఆరిపోతుంది కాబట్టి సరిపోతుంది.

ఫైబర్ పొడిగించడం అన్నది మాత్రం 780 దగ్గర కుదరదు. మామూలు గ్లాస్ ఫైబర్ 800 దగ్గర మిల్లీమీటర్‌కి 36 ఫెమ్టోసెకండ్ స్క్వేర్ పెడుతుంది, అంటే ఒక్క మీటర్‌కే 36 వేలు, మీ 100 ఫెమ్టోసెకన్ల పల్స్ అవతలి చివర ఒక పికోసెకండ్ అయి బయటపడుతుంది. దాన్ని ముందే సరిదిద్దినా కోర్‌లో పీక్ పవర్ వల్ల స్పెక్ట్రమ్ చెదురుతుంది. దీనికి రెండు మంచి దారులున్నాయి. ఒకటి హాలో కోర్ ఫైబర్, వెలుగు గాజులో కాకుండా మధ్యలో గాలిలో నడుస్తుంది కాబట్టి రెండు బాధలూ ఉండవు. 2017లో పెకింగ్ యూనివర్సిటీ వాళ్ళు ఎలుక తల మీద పెట్టే 2.15 గ్రాముల టూ ఫోటాన్ మైక్రోస్కోప్ చేశారు, 920 వెలుగుని దానిదాకా తెచ్చింది అలాంటి ఫైబరే. రెండోది మీ లేజర్‌కి ఇంకా బాగా నప్పుతుంది, 1550 వెలుగునే ఫైబర్‌లో పైదాకా పంపి, డబ్లింగ్ క్రిస్టల్‌ని స్కానింగ్ హెడ్ పక్కన చిన్న డబ్బాలో పెట్టి అక్కడ 780 చేయడం. 1550 దగ్గర గాజు డిస్పర్షన్ గుర్తు తిరగబడుతుంది, కాబట్టి ఆ ఫైబర్‌నే పల్స్‌ని నొక్కే పనికి వాడుకునేలా డిజైన్ చేస్తారు. అలా తల విడిగా వచ్చే మోడళ్ళు ఉన్నాయి, అడగండి. ఫైబర్ పొడవు మాత్రం వాళ్ళు ఫిక్స్ చేసిందే ఉంచాలి, మీరు తర్వాత మార్చలేరు.

రామన్‌గీత:

కొంచెం పక్కకి వెళ్తున్నా గానీ మీ పని ఆపరేషన్ థియేటర్ పక్క గది అన్నారు కాబట్టి చెప్పాలనిపించింది. ఈ దారిలో ముందు నడిచింది స్టిమ్యులేటెడ్ రామన్ (అణువుల బంధాల కంపనాన్ని బట్టి ఏ పదార్థమో చెప్పే పద్ధతి) వాళ్ళు, వాళ్ళ అనుభవం మీకు పనికొస్తుంది.

2008లో హార్వర్డ్‌లో సన్నీ షీ గ్రూప్ ఆ మైక్రోస్కోపీ చూపించినప్పుడు అది పూర్తిగా ఆప్టికల్ టేబుల్ మీది వ్యవహారం. దానికి రెండు రంగుల పల్సులు ఒకదానితో ఒకటి సింక్‌లో ఉండాలి, ఒక బీమ్‌లో పదివేలలో ఒక వంతు కంటే చిన్న మార్పుని కనిపెట్టాలి. ఫైబర్ లేజర్ పెడదామంటే దాని ఇంటెన్సిటీ నాయిస్ సరిగ్గా ఆ మార్పుని మింగేసేది. 2014లో ఫ్రాయ్డిగర్ వాళ్ళు లేజర్ వెలుగులోంచి ఒక వంతుని రిఫరెన్స్‌గా తీసి, ఎలక్ట్రానిక్స్‌లో ఒకదాన్నుంచి ఇంకోటి తీసేసి ఆ నాయిస్‌ని దాటారు. 2017లో అలాంటి ఫైబర్ లేజర్ మైక్రోస్కోప్‌నే ఆపరేషన్ గదిలో పెట్టి మెదడు ట్యూమర్ ముక్కల్ని ప్రాసెస్ చేయకుండా చూశారు, రామన్ షిఫ్ట్ 2845, 2930 సెంటీమీటర్ ఇన్వర్స్ దగ్గర రెండు బొమ్మలు తీసి కొవ్వు ఎక్కడ, ప్రోటీన్ ఎక్కడ అని విడదీసి, మామూలు హిస్టాలజీ స్లయిడ్‌లా కనపడేలా రంగులు వేశారు. 2020లో దానికి న్యూరల్ నెట్‌వర్క్ కలిపి 278 మంది పేషెంట్ల ముక్కల మీద పరీక్షిస్తే 150 సెకన్ల లోపు డయాగ్నోసిస్ సూచన వచ్చింది, పాథాలజిస్టుల పక్కన నిలబెడితే రెండువైపులా దాదాపు ఒకే కచ్చితత్వం. ఫ్రోజెన్ సెక్షన్ (ముక్కని గడ్డకట్టించి కోసి చూసే పరీక్ష) కోసం సర్జన్ కత్తి పక్కన పెట్టి ఇరవై ముప్పై నిమిషాలు ఎదురుచూసే పరిస్థితి ఉన్నచోట ఇది ఎంత పెద్ద మార్పో ఆలోచించండి. ఆ మార్పు తెచ్చింది భౌతికశాస్త్రంలో కొత్త సూత్రమేమీ కాదు, లేజర్‌ని ఎవరూ ముట్టుకోకుండా రోజంతా నడిచేలా చేయగలగడం. అందుకే కంపాక్ట్ లేజర్ అంటే "కాస్త తక్కువ రకం, చోటు లేనివాళ్ళకి" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మీకు దీంట్లోంచి పనికొచ్చే మాట ఏంటంటే టూ ఫోటాన్‌లో మీరు చీకటి మీద వెలుగుని లెక్కపెడుతున్నారు, కాబట్టి లేజర్ నాయిస్ అంతగా బాధించదు. రేపు ఇదే బండి మీద రామన్ కూడా కలుపుదాం అనుకుంటే మాత్రం ఈ లేజర్ నేరుగా పనికిరాదు, అక్కడ మామూలుగా వాడేది పికోసెకండ్ పల్సులు, నాయిస్ లెక్క కూడా వేరు. అది ముందే మీ మేడమ్‌కి చెప్పి ఉంచండి.

ఇంకోటి, లోపల మోడ్‌లాకింగ్ ఎలా చేస్తున్నారో అడగండి. ఫైబర్‌లో పోలరైజేషన్ తిరగడం మీద ఆధారపడ్డ పాత పద్ధతి అయితే టెంపరేచర్ మారినా ఫైబర్ కదిలినా లాక్ పోవచ్చు. మొత్తం పోలరైజేషన్ మెయింటైనింగ్ ఫైబర్‌తో కట్టి, సెసామ్‌తో గానీ నాన్‌లీనియర్ లూప్ మిర్రర్‌తో గానీ లాక్ చేసినవి బండి మీద నిలబడతాయి. సెసామ్ అన్నది సెమీకండక్టర్ అద్దం, ఏళ్ళ మీద అరిగే అవకాశం ఉంది, మారిస్తే ఎలా, ఎవరు మారుస్తారు అన్నది కూడా రాయించుకోండి.

కిరణపథం:

ఇది అస్సలు ఆలోచించలేదు, రాసుకున్నాను. చివరిగా ఒకటి, వచ్చే నెలలో ఇద్దరు సప్లయర్లు డెమో యూనిట్లు తెస్తామన్నారు. మా పాత లేజర్‌ని కూడా 780కి ట్యూన్ చేసి పక్కన పెట్టుకోగలం. ఏది బాగుందో మొహమాటం లేకుండా తేల్చే పరీక్ష ఏదైనా ఉందా? కొలాజెన్ బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా?

పల్స్‌పరీక్ష:

బొమ్మలు పక్కపక్కన పెడితే తేలదు, ముక్క ముక్కకీ తేడా ఉంటుంది, కొలాజెన్ అయితే లేజర్ పోలరైజేషన్ ఏ వైపు ఉందో దాన్నిబట్టి కూడా వెలుగు మారుతుంది. ముందు ఫ్లోరెసిన్ ద్రావణం చేసుకోండి, పీహెచ్ కాస్త క్షారం వైపు ఉండాలి, అదే సీసాలోది అన్ని లేజర్లకీ వాడాలి. ఆబ్జెక్టివ్ కింద, అంటే శాంపిల్ ఉండే చోటే, పవర్ మీటర్‌తో కొలిచి మూడు లేజర్లకీ ఒకే పవర్ పెట్టండి. అదే ఫోకస్ లోతు, అదే డిటెక్టర్ గెయిన్. అప్పుడు వచ్చే కౌంట్ నేరుగా ఆ లేజర్ రిపిటీషన్ రేట్, శాంపిల్ దగ్గర పల్స్ విడ్త్, పీఠం అన్నీ కలిపిన ఫలితం. రిపిటీషన్ రేట్ తెలుసు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలేది పల్స్ నాణ్యత, డేటాషీట్‌లో ఎవరేం రాసినా ఇక్కడ బయటపడుతుంది. బీమ్ ఆబ్జెక్టివ్ వెనక భాగాన్ని అన్ని లేజర్లకీ ఒకేలా నింపుతోందో లేదో మాత్రం చూసుకోండి, అది తేడా ఉంటే పోలిక చెల్లదు. పవర్ మార్చుకుంటూ లాగ్ లాగ్ గీత గీయండి, వాలు 2 రావాలి, పైన వంగిపోతుంటే డై సాచురేట్ అవుతోంది లేదా డిటెక్టర్ ఉక్కిరిబిక్కిరి అవుతోంది, ఆ పవర్ వదిలేసి కిందికి రండి.

ప్రీ కాంపెన్సేషన్ తిప్పుతూ ఈ కౌంట్ ఎక్కడ గరిష్టం అవుతుందో చూడండి. గరిష్టం రేంజ్ మధ్యలో వస్తే మంచిది, ఏదో ఒక చివర ఇంకా పెరుగుతూనే ఆగిపోతే ఆ లేజర్ మీ మైక్రోస్కోప్‌కి చాలట్లేదని అర్థం. అదయ్యాక లేజర్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, బండి మీద పక్క గదికి తోసుకెళ్ళి మళ్ళీ ఆన్ చేసి అదే కౌంట్ ఎంతసేపటికి వస్తోందో చూడండి, మీకు కావాల్సింది అసలు ఇదే కదా.

కణదర్శి:

దీనికి ఒకటి కలుపుతాను, డెమోకి ముందే చూసుకోవాల్సింది. 780తో కొడితే కొలాజెన్ సిగ్నల్ సరిగ్గా 390 దగ్గర వస్తుంది. చాలా ఆబ్జెక్టివ్‌ల గాజు, కోటింగ్ 390 దగ్గర వెలుగుని బాగా తగ్గించేస్తాయి, కొన్ని డైక్రోయిక్‌లు (వేవ్‌లెంగ్త్‌ని బట్టి వెలుగుని విడదీసే అద్దాలు) కూడా 400 కింద వెనక్కి పంపాల్సినంత పంపవు. పాత సెటప్‌లో మీరు కొలాజెన్‌ని 800 పైన ఎక్కడో ట్యూన్ చేసి తీస్తూ ఉంటే ఈ ఇబ్బంది ఎప్పుడూ కనపడి ఉండదు, కొత్త లేజర్ పెట్టగానే కొలాజెన్ మసగ్గా వచ్చి అందరూ లేజర్‌నే తిడతారు. మీ ఆబ్జెక్టివ్ ట్రాన్స్‌మిషన్ గ్రాఫ్ తెప్పించుకుని 390 దగ్గర ఎంతుందో చూడండి. ఫిల్టర్లు 390కి సన్నటి బ్యాండ్ ఒకటి, ఎన్‌ఏడీహెచ్‌కి 460 చుట్టూ వెడల్పుది ఒకటి పెడితే రెండూ ఒకే స్కాన్‌లో శుభ్రంగా విడిపోతాయి. డిటెక్టర్ కూడా చూసుకోండి, ఆకుపచ్చలో బాగుండే గాలియం ఆర్సెనైడ్ ఫాస్ఫైడ్ ట్యూబులు 390కి వచ్చేసరికి అంత గొప్పగా ఉండవు, ఆ ఛానల్‌కి బైఆల్కలీ ట్యూబ్ పెట్టుకుంటే మేలు.